దేశం గడిలో ఏం రాయాలి?

వాళ్ళిద్దరూ వియ్యంకులు. ఒకాయన డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మధ్యలో మూడేళ్ళు మారిషస్‌లో తెలుగు పాఠాలు చెప్పి వచ్చారు. రెండో ఆయన రెవెన్యూలో గుమాస్తాగా చేరి తహసీల్దారుగా దిగారు. సర్వీసులో సగం రికార్డు గదిలో దుమ్ము పీల్చుకుంటూనే గడిచిందంటారు. విశాఖపట్నంలో మా పై వాటాలో మాస్టారు ఉంటారు, సందు చివర తహసీల్దారు గారు. సాయంత్రమైతే ఇద్దరూ మా వసారాలో చేరతారు. బావగారూ అంటే బావగారూ అనుకుంటారు, మర్యాదకేం లోటు లేదు. ఒక్క విషయంలో కూడా ఒకరి మాట ఒకరు ఒప్పుకోగా నేను చూడలేదు.

ఆ రోజు గొడవకి మూలం న్యూజెర్సీలో నాలుగో తరగతి చదువుతున్న మనవరాలు. బళ్ళో ఒక కాగితం ఇచ్చారట. పైన పేరు, కింద 'మీ కుటుంబం ఏ దేశం నుంచి వచ్చింది?' అని ఒక గడి. దాని కింద జెండాకి చోటు, తిండికి చోటు, పండక్కి చోటు. పిల్ల ఇండియా అని రాసి, జెండా వేసి, దోసె గీసి, పని ముగించి ఫొటో తీసి పంపింది. చక్రంలో ఆకులు పదకొండే ఉన్నాయి. మాస్టారు అది చూసి ఊరుకోలేదు. 'ఇంతేనా? ఏ ఊరు, ఎందుకు కదిలారు, అవన్నీ కనుక్కుని రాయి. మీ తాతలిద్దర్నీ అడుగు' అని జవాబు పెట్టారు. ఆ 'ఇద్దర్నీ' అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కు.

నేను ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె మధ్యలో పెట్టి ఓ పక్కన కూర్చున్నాను.

తహసీల్దారు: అయిపోయిన హోంవర్కుని మళ్ళీ మొదలెట్టించారు. ఎందుకు బావగారూ పిల్లకి ఈ తవ్వకం?

మాస్టారు: అయిపోలేదు కనక. ఇండియా అని రాస్తే ఏం తెలిసినట్టు? కాశ్మీరు వాడూ అదే రాస్తాడు, కన్యాకుమారి వాడూ అదే రాస్తాడు. దోసె బొమ్మ వేసింది. మా నాయనమ్మ దోసె ఎరగదు. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోయిన మనిషి ఆవిడ.

తహసీల్దారు: అయితే అంబలి గిన్నె గీయమనండి, సరిపోతుంది.

మాస్టారు: నేను మారిషస్‌లో చూసింది చెప్తాను వినండి. అక్కడ మన పిల్లలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, బళ్ళో ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు పూజకీ, పాటకీ, ఉగాదికీ. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, తెలుసుగా. ఆ పిల్లల్లో ఒకరికి మా వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చూద్దామని బుద్ధి పుడుతుంది. ముందు తన పుట్టిన పత్రం తెచ్చుకుంటుంది. తర్వాత నాన్నది. తర్వాత తాత పెళ్ళి పత్రం. అలా ఒక్కో తరం వెనక్కి దిగితే ఎక్కడో ఓడ దిగిన మనిషి నంబరు తగులుతుంది. ఆ నంబరు పట్టుకుని మోకాలోని మహాత్మా గాంధీ సంస్థకి వెళ్తే పాత రిజిస్టర్లు ఉంటాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చలు, జిల్లా, ఊరు, ఎక్కిన ఓడ, పంపిన తోట. 1860ల తర్వాత వాళ్ళలో చాలామందికి ఫొటోలు కూడా ఉన్నాయి. నా దగ్గర చదివిన ఒకమ్మాయి తన తాత తాత ఫొటో చూసి వచ్చింది. ఏమందో తెలుసా? "చెవులు మా నాన్నవే మాస్టారూ" అంది.

తహసీల్దారు: ఆ ఫొటో ఎందుకు తీశారో చెప్పారా ఆ పిల్లకి?

మాస్టారు: చెప్పకేం. 1867లో చట్టం చేశారు. ఐదేళ్ళ ఒప్పందం తీరిపోయిన కూలీ కూడా తన ఫొటో అంటించిన చీటీ జేబులో లేకుండా రోడ్డు మీద కనబడితే దేశదిమ్మరి కింద లెక్కగట్టి లోపలేసేవాళ్ళు.

తహసీల్దారు: అదీ సంగతి. పోలీసు కాగితాన్ని పట్టుకుని కుటుంబ ఆల్బమ్ అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాం.

మాస్టారు: ఆ మాట మీరంటే ఎత్తిపొడుపు. ఆ పిల్ల తనంతట తాను కనుక్కుంటే చదువు. ఆ చీటీ ఎందుకని అడిగాకే కదా ఆ అమ్మాయికి మిగతాది తెలిసింది. నెలకి ఐదు రూపాయల జీతం, ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోత. 1871లో ఆ పాత కూలీలే 9,401 మంది ఒక అర్జీ మీద సంతకాలు పెట్టారు. ప్లెవిట్జ్ అని ఒక తోట మేనేజరు దాన్ని నడిపించాడు, దాని కోసం దెబ్బలు కూడా తిన్నాడు. మరుసటి ఏడు లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది. మన స్కూలు పుస్తకాల్లో ఉందా ఇది? నేను ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పాను, నాకే తెలియదు. నా స్టూడెంటు చెప్తే తెలిసింది.

(మాస్టారు తనకి తెలియదని ఒప్పుకోవడం అరుదు. తహసీల్దారు గారు కూడా ఒక్క క్షణం కాయ ఒలవడం ఆపారు.)

తహసీల్దారు: సరే, ఊరు దొరికిందా ఆ పిల్లకి?

మాస్టారు: జిల్లా దొరికింది. గంజాం.

తహసీల్దారు: చూశారా. ఇక నా వంతు. గంజాం ఇవాళ ఒడిశాలో ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం చేసినప్పుడు అటు పోయింది. కానీ ఆ ఓడ ఎక్కిన రోజుల్లో శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం అన్నీ గంజాంలోవే. ఆ చెవులాయన ఒడియావాడో తెలుగువాడో ఆ ముక్కతో మీరు తేల్చలేరు. ఇక విశాఖపట్నం జిల్లా అని రాసి ఉన్నవాళ్ళ సంగతి. 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం, మొన్న 2022లో అనకాపల్లి, మన్యం, అల్లూరి జిల్లాలు. ఏ కలెక్టరేటుకి వెళ్తుంది ఆ పిల్ల? ఊరి పేరంటారా, మద్రాసు డిపోలో కూర్చున్న గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో గిలికాడు. పోనీ సరిగ్గానే రాశాడనుకోండి. కొత్తూరు అని రాశాడు. మన జిల్లాల్లో కొత్తూర్లు ఎన్నో నన్నడగండి.

మాస్టారు: అందుకే మీలాంటి వాళ్ళ సాయం కావాలి.

తహసీల్దారు: నా దగ్గరికి వచ్చారండీ అలాంటి వాళ్ళు. ఎండలో కారేసుకుని, చేతిలో సర్టిఫికెట్టు పట్టుకుని, "మా వాళ్ళ పేరు మీ రికార్డుల్లో ఉంటుందా సార్" అని. నాకు జాలేసింది. రికార్డులో ఎవరి పేరుంటుంది? భూమి ఉన్నవాడి పేరు ఉంటుంది. అడంగల్ తీసినా, పాత శిస్తు లెక్క తీసినా భూమి ఉన్నవాడే. భూమి ఉన్నవాడు ఓడెందుకు ఎక్కుతాడు? పైగా ఇక్కడ ముప్పాతిక వంతు జమీందారీ. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకనే చాలా ఊళ్ళలో సర్కారు సర్వే గొలుసు పడింది. అంతకు ముందు లెక్కలు ఎస్టేటు కచేరీల్లో ఉండేవి, సగం చెదలు తినేశాయి. నూట యాభై ఏళ్ళ కిందట కూలికి పోయినవాడి జాడ నా బీరువాలో ఎక్కడుంటుంది?

మాస్టారు: ఇంటిపేరు ఉంటే దొరికేది. మనవాళ్ళకి ఇంటిపేరంటే సగం మందికి ఊరి పేరే. ఆ గుమాస్తా పేరు, తండ్రి పేరు అడిగాడు, ఇంటిపేరు అడగలేదు. అక్కడ తర్వాత తరంలో తండ్రి పేరే ఇంటిపేరైపోయింది. అప్పన్న కొడుకులంతా అప్పన్న ఇంటివాళ్ళయ్యారు. ఒక్క గడి తక్కువైనందుకు ఇన్ని కుటుంబాలు ఊరు పోగొట్టుకున్నాయి.

తహసీల్దారు: పోయిందని మీరే అంటున్నారుగా. మరి పోయినదాని కోసం పిల్లల్ని ఎందుకు తిప్పడం?

మాస్టారు: కాగితంలో పోయింది, ఇంట్లో పోలేదు. అక్కడ మన వాళ్ళ ఇళ్ళల్లో సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. తెలుగు అక్షరం రానివాళ్ళు కూడా చేస్తారు. అమ్మోరు పండగ చేస్తారు. దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. చెప్పండి, అప్పన్న ఎవరు? ఇక్కడ మా మేడ మీద నుంచి చూస్తే కనిపించే కొండ దేవుడు. కడపవాడికి అప్పన్న ఇలవేల్పు కాడు, నెల్లూరువాడికీ కాడు. మీ రిజిస్టరు జిల్లా దగ్గర ఆగిపోయింది, ఇంట్లో ముసలమ్మ చేసే పూజ సింహాచలం మెట్ల దాకా తీసుకొచ్చింది. నా స్టూడెంట్లకి నేను చెప్పింది అదే. ముందు ఇంట్లో మీ అవ్వని అడగండి, ఏ దేవుడికి మొక్కేది, ఏ నెలలో ఉపవాసం, పెళ్ళిలో ముందు ఎవరికి బట్టలు పెడతారు, అవి రాసుకోండి. ఆ తర్వాతే మోకాకి బస్సెక్కండి.

తహసీల్దారు: (కాస్త తగ్గి) అది బాగుంది. అప్పన్న సంగతి నేను ఆలోచించలేదు. కానీ బావగారూ, ఒక చిన్న పేచీ. ఇదివరకు మనవాళ్ళెవరూ కదలనట్టు, ఆ ఊళ్ళోనే ఆదిలో మొలిచినట్టు మాట్లాడుతున్నారు మీరు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పేరు చివర 'వలస' ఉన్న ఊళ్ళెన్ని? కొత్తవలస అంటే ఏమిటి? కొత్తగా వలస వచ్చి దిగినవాళ్ళ ఊరు. ఆ వచ్చినవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? అక్కడికి ముందు? మూలం మూలం అంటారు, ఎక్కడ ఆపుతారు తవ్వకం?

మాస్టారు: ఓడ దగ్గర ఆపుతాను. బండి కట్టుకుని పక్క ఫిర్కాకి పోయినవాడు మళ్ళీ సంక్రాంతికి వస్తాడు. ఓడెక్కినవాడు రాలేదు.

తహసీల్దారు: వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతి తర్వాత. ముందు నన్నొకటి అడగనివ్వండి. ఆ రిజిస్టర్లో కులం గడి ఉందన్నారు. పిల్ల ఊరు కోసం వెళ్ళి కులం తెచ్చుకుంటుంది కదా?

మాస్టారు: (చాలాసేపు తర్వాత) ఒక కుర్రాడు తెచ్చుకున్నాడు. ఇంట్లో వాళ్ళ తాతలు జమీందారు దగ్గర పెద్ద ఉద్యోగస్తులని చెప్పుకునేవాళ్ళు. కాగితంలో అలా లేదు. వాడు జిరాక్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వాళ్ళ నాన్నకి చూపించాడని కూడా నేననుకోను.

తహసీల్దారు: ఆ కుర్రాడికి మీరు చేసిన ఉపకారం ఏమిటి?

మాస్టారు: ఏమీ లేదు. అబద్ధం ఒకటి పోయింది. దాని బదులు వాడి చేతిలో ఏమీ పెట్టలేకపోయాను. నాకిప్పటికీ అది గుచ్చుకుంటూనే ఉంటుంది.

(ఈ జవాబు నాకు నచ్చింది. రిజిస్టర్ల మీద పుస్తకాలు రాసేవాళ్ళు, ఊళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ మీద టీవీలో కన్నీటి కార్యక్రమాలు చేసేవాళ్ళు ఈ కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు.)

తహసీల్దారు: మీరు నిజం చెప్పారు కనక నేనూ చెప్తాను. మా అమ్మాయి ఫోన్లో అంది, పిల్ల క్లాసులో ఒక నల్లజాతి కుర్రాడు ఆ గడి ఖాళీగా పెట్టి ఇచ్చాడట. టీచరు అడిగితే మా అమ్మకి కూడా తెలియదన్నాడట.

మాస్టారు: ఎలా తెలుస్తుంది? 1850, 1860 లెక్కల్లో అమెరికాలో బానిసలకి పేర్లే రాయలేదు. యజమాని పేరు, దాని కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. అంతే. ఆ విడుదలైన వాళ్ళందరి పేర్లూ మొదటిసారి కనబడేది 1870 జనాభా లెక్కల్లో. అక్కడ గోడ తగులుతుంది. మారిషస్‌లో కూడా అంతే. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది, అదే చెరుకు తోటలకి అంతకు మూడు నెలల ముందు నుంచే మనవాళ్ళని దింపడం మొదలెట్టారు. 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది. మన కూలీకి ఊరి పేరు తప్పో ఒప్పో రాశారు. అతనికి ముందు ఆ గుడిసెలో పడుకున్నవాడికి యజమాని పెట్టిన పేరే మిగిలింది.

తహసీల్దారు: మరి ఒకడు నింపలేని గడి, ఇంకొకడు జెండా వేసి రంగులు దిద్ది గోడకి తగిలిస్తే ఆ ఖాళీ పెట్టినవాడు ఎటు చూడాలి? ఆ ప్రశ్నే తప్పు బావగారూ.

మాస్టారు: ప్రశ్న తప్పే. 'ఏ దేశం' అనడం తప్పు. ఎవరు పంపారు, ఎవరు రాసుకున్నారు, ఎందుకు రాసుకోలేదు అని అడిగితే ఆ కుర్రాడి ఖాళీ గడి కూడా జవాబే. అదే అందరికంటే పెద్ద జవాబు. నేను పిల్లని వెతకమన్నది దాని కోసమే గాని గొప్పలకి కాదు.

తహసీల్దారు: గొప్పలకి కాకపోతే కార్డుకి. భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు కోసం వెతికేవాళ్ళు లేరంటారా?

మాస్టారు: ఎందుకు లేరు? 2024 మార్చిలో మన రాష్ట్రపతి ముర్ము గారు మారిషస్ వెళ్ళినప్పుడు ఏడో తరానికి కూడా ఇస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ఇంకా ఎక్కువయ్యే ఉంటారు. కార్డు కోసం వచ్చినవాడైనా ఆ రిజిస్టరు పేజీ కళ్ళతో చూడక తప్పదు కదా. సరే, కార్డు మాట వదిలేయండి. మీరు అసలు విషయం దాటేస్తున్నారు. 'ఓడెక్కి తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు' అని ఇందాక మీ నోటితో మీరే అన్నారు. మనవరాలు మిమ్మల్ని అడిగితే ఎందుకు చెప్పరు?

తహసీల్దారు: ఏముంది చెప్పడానికి?

మాస్టారు: బర్మా ఉంది.

తహసీల్దారు గారు వేరుశనగ తొక్కలన్నీ అరచేతిలోకి పోగుచేసి గిన్నె మూతలో వేశారు. ఆ తర్వాత ఆయన చెప్పినదంతా ఆయన మాటల్లోనే రాస్తున్నాను. మధ్యలో మాస్టారు అడ్డు రాలేదు.

"మా తాత బొబ్బిలి పక్కనుంచి రంగూన్ పోయాడు, బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి. ఆయన వెళ్ళినప్పుడు అది వేరే దేశం కాదు. బర్మా ఇండియాలో భాగమే. 1937 ఏప్రిల్ 1న తెల్లవాళ్ళు దాన్ని విడదీశారు. మా తాత మోస్తున్న బస్తా దించకుండానే పరదేశీ అయిపోయాడు. 1942లో జపాను వాళ్ళు వచ్చినప్పుడు చాలామంది కొండలు ఎక్కి నడుచుకుంటూ ఇటు వచ్చేశారు. మా అమ్మ చిన్నపిల్ల, ఒళ్ళు కాలిపోతున్న జ్వరం. నడవలేదని మావాళ్ళు ఆగిపోయారు. ఆ దారిలో ఎంతమంది పోయారో విన్నాక, ఆ జ్వరమే మమ్మల్ని బతికించిందని మా అమ్మమ్మ అనేది. తర్వాత 1962లో సైన్యాధిపతి నె విన్ గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, యాభై, వంద చ్యాట్ల నోట్లు రద్దు చేశాడు. మూడు లక్షల మంది మనవాళ్ళు కట్టుబట్టలతో బయల్దేరారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా అమ్మ పసుపుతాడుతో దిగింది విశాఖపట్నంలో. బర్మా క్యాంపులో పెరిగాను.

"అక్కడ మమ్మల్ని కొరంగీలు అనేవాళ్ళు. తెలుగువాళ్ళందరూ కోరంగి రేవు నుంచే వచ్చారని. ఆ రేవు 1839 తుపానులోనే పోయింది, పేరు మాత్రం వందేళ్ళ తర్వాత కూడా మమ్మల్ని వదల్లేదు. మొన్న కాకినాడ వెళ్ళినప్పుడు చూశాను కోరంగిని. మడ చెట్లు, టిక్కెట్టు పెట్టి పడవ షికారు. మా తాతకి దానితో ఏ సంబంధమూ లేదు. సరే, ఇక్కడ బళ్ళో వేశారు. ఇక్కడ నేను 'బర్మావోడు'. నా యాస వేరు, నేను తెచ్చుకున్న అన్నంలో చేపల వాసన వేరు. అక్కడ ఇండియావాణ్ణి, ఇక్కడ బర్మావాణ్ణి. బావగారూ, మీది ఏ దేశం అని నన్ను అడిగినవాడెవడూ తెలుసుకుందామని అడగలేదు. పొమ్మనడానికే అడిగాడు."

మాస్టారు: ఆ పిల్ల టీచరు పొమ్మనడానికి అడగలేదు కదండీ.

తహసీల్దారు: ఇవాళ అడగలేదు.

దానికి మాస్టారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. చీకటి పడింది, దోమలు మొదలయ్యాయి, లేచారు. మెట్లెక్కుతూ మాస్టారు నాతో మాత్రం అన్నారు: "ఆయన చెప్పకపోతే ఆ పిల్లకి ఆయన గురించి ఏం తెలుస్తుందోయ్? రిటైర్డ్ తహసీల్దారు, షుగరుంది, అంతేనా?"

ఆ మాటతో నేను మాస్టారి పక్షమే. తహసీల్దారు గారి భయం ఉత్తది కాదు, కానీ ఆయన దాచినంత మాత్రాన అడిగేవాళ్ళు అడగడం మానరు. ఆ రోజు వచ్చినప్పుడు పిల్ల చేతిలో పదకొండు ఆకుల చక్రం ఒక్కటే ఉంటే చాలదు.

ఆదివారం పొద్దున్న మనవరాలి నుంచి వీడియో కాల్ వచ్చింది. తహసీల్దారు గారు ప్లాస్టిక్ కవరొకటి పట్టుకుని మా వసారాకే వచ్చారు, మాస్టారూ కిందికి దిగారు. అందులో ఉన్నది తహసీల్దారు గారి అమ్మ బర్మా నుంచి తెచ్చుకున్న ప్రయాణ పత్రం. మడతల దగ్గర చిరిగితే లోపలివైపు ట్రేసింగ్ కాగితం అంటించి ఉంది. "గడిలో ఏం రాస్తావో నీ ఇష్టం తల్లీ, నేను చెప్పను. ఇందులో ఉన్నది చదువుతాను, రాసుకో" అని కళ్ళజోడు పెట్టుకుని, గుమాస్తా చదివినట్టే, ఒక్కొక్క వరుసా చదివారు. పుట్టిన సంవత్సరం 1934. పుట్టిన ఊరు రంగూన్. జాతీయత ఇండియన్. ఓడ విశాఖపట్నం రేవులో ఆగేదాకా ఆవిడ ఈ గడ్డ మీద కాలుపెట్టలేదు.